మీకిష్టమైన పాత రైడ్ ఎత్తేస్తున్నారంట అని వింటే ముందు ఏం చూడాలి, తర్వాత ఏం చేయాలి

అమ్మానాన్న తెనాలి నుంచి వచ్చి మా దగ్గర ఉన్నప్పుడు మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో ఎవరో ఒక యూట్యూబ్ వీడియో ఫార్వర్డ్ చేశారు. ఫ్లోరిడాలో డిస్నీ వాళ్ళ మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కులో కరోసెల్ ఆఫ్ ప్రోగ్రెస్ అనే షో ఎత్తేస్తున్నారంట, ఈ నెలే ఆఖరంట, పర్మిట్ కూడా బయటికొచ్చిందంట అని. మేం ఉండేది అట్లాంటా పక్కన కమింగ్ అనే ఊళ్ళో, డిసెంబర్‌లో వెళ్దామని అన్నీ బుక్ చేసుకుని ఉన్నాం, ఆ వీడియో చూసి కంగారుపడి మొత్తం సెప్టెంబర్‌కి మార్చేశా, హోటల్ క్యాన్సిలేషన్‌కి 160 డాలర్లు పోయాయి, రెండు రోజులు లీవ్ పెట్టి ఎనిమిది గంటలు కారు నడుపుకుంటూ వెళ్తే అక్కడ షో ఎప్పట్లాగే నడుస్తోంది. ఆ వీడియోలో చూపించిన పర్మిట్ కాగితం తర్వాత నేనే వెతికి తీసి చదివితే అది అసలు వేరే బిల్డింగ్‌ది.

మనవాళ్ళలో చాలామంది ఇండియా నుంచి పేరెంట్స్ వచ్చినప్పుడే ఈ ఓర్లాండో ట్రిప్ పెట్టుకుంటారు, వాళ్ళుండేది ఆరు నెలలు, మళ్ళీ వచ్చేసరికి మోకాళ్ళు అంత దూరం నడవనిస్తాయో లేదో. అందుకే ఇలాంటి వార్త వింటే మనసు ఆగదు, నాకు తెలుసు. కానీ నిజమో కాదో తేల్చుకోడానికి ఒక అరగంట చాలు. నేను ఇప్పుడు చేసే పద్ధతి ఇది.

ముందు ఆ షో సంగతి చెప్పాలి, ఎందుకంటే దీని మీద రూమర్ వచ్చినన్నిసార్లు ఇంకో దాని మీద వచ్చినట్టు నాకు గుర్తులేదు. 1964 న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్‌లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ కోసం వాల్ట్ డిస్నీ చేయించింది ఇది. 1967 నుంచి 1973 దాకా కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లో ఉంది, 1975 జనవరి 15న ఫ్లోరిడాలో మొదలైంది. స్టేజీ మధ్యలో కదలకుండా ఉంటుంది, మనం కూర్చున్న సీట్లే దాని చుట్టూ తిరుగుతాయి. ఒకే కుటుంబం, బొమ్మలే కానీ మాట్లాడతాయి, 1900ల నాటి ఇంటి నుంచి ఒక్కో సీన్‌కి కొన్నేళ్ళు ముందుకొస్తూ ఇంట్లోకి కరెంటు ఎలా వచ్చిందో, దాంతో ఏమేం మారాయో చూపిస్తారు. మా నాన్న ముప్పై నాలుగేళ్ళు కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. 1920ల సీన్‌లో ఇంటినిండా వైర్లు వేలాడుతుంటాయి, అన్నీ ఒకేసారి వాడేసరికి ఫ్యూజు ఎగిరిపోయి చీకటైపోతుంది. ఆ చీకట్లో నాన్న నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని "లోడ్ ఎక్కువైంది రా, నేను అనుకుంటూనే ఉన్నా" అన్నారు. ఇంగ్లీష్ సరిగ్గా రాని మనిషి ఆ షోలో ఒక్క ముక్క కూడా వదల్లేదు. దాన్ని తీసేస్తున్నారంటే నేను ఎందుకు అంత హడావుడి పడ్డానో మీకు అర్థమయ్యే ఉంటుంది.

సరే, మొట్టమొదట చూడాల్సింది అసలు ఏ పార్కు గురించి మాట్లాడుతున్నారు అన్నది. ఒకే పేరుతో రైడ్స్ రెండు మూడు దేశాల్లో ఉంటాయి, ఫార్వర్డ్‌లో ఊరి పేరు మాత్రం ఎగిరిపోతుంది. రివర్స్ ఆఫ్ అమెరికా, అంటే పెద్ద స్టీమర్ పడవ తిరిగే ఆ నది, ఫ్లోరిడాలో 2025 జులై 6 ఆఖరి రోజు, దాంతోపాటే టామ్ సాయర్ ఐలాండ్ కూడా పోయింది. కానీ కాలిఫోర్నియాలో ఆ నదిని ఎత్తేయలేదు, అక్కడ తిరిగేది మార్క్ ట్వైన్ అనే పడవ. అలాగే స్పేస్ మౌంటెన్ అనే రైడ్ మూసేశారని ఒక మెసేజ్ తిరిగింది, అది టోక్యోది, 2024 జులై 31న మూశారు, పాతది తీసేసి 2027లో కొత్తది తెరుస్తామన్నారు. ఓర్లాండో స్పేస్ మౌంటెన్‌కి దాంతో సంబంధమే లేదు. సగం రూమర్లు ఈ ఒక్క ప్రశ్న దగ్గరే తేలిపోతాయి.

తర్వాత ఏ మాట వాడారో చూడండి. రిఫర్బిష్‌మెంట్ అంటే రిపేరు, కొన్నాళ్ళు మూసి మళ్ళీ తెరుస్తారు. మ్యాజిక్ కింగ్‌డమ్‌లోనే బిగ్ థండర్ మౌంటెన్ అనే రైడ్‌ని 2025 జనవరిలో మూసినప్పుడు 2026లో తెరుస్తామని ముందే చెప్పారు, అయినా ఇక రాదంట అని ఏడ్చినవాళ్ళు నాకు తెలుసు. పర్మనెంట్లీ క్లోజ్ అన్న మాట కంపెనీ నోటి నుంచి వస్తేనే శాశ్వతం. ఈ రెండింటి మధ్య మూడోది ఒకటుంది, రీఇమాజిన్ అంటారు, అంటే కొత్త రూపంలోకి మార్చడం, అక్కడే జాగ్రత్తగా చదవాలి. ఎలుగుబంటి బొమ్మలు పాటలు పాడే కంట్రీ బేర్స్ షో పోతుందని భయపడ్డాం కదా, 2024 జులైలో అవే ఎలుగుబంట్లు కొత్త పాటలతో వచ్చాయి. స్ప్లాష్ మౌంటెన్ అనే పడవ రైడ్‌కి మాత్రం కొండ, నీళ్ళు, పడవ అన్నీ ఉంచి కథ మొత్తం మార్చేశారు, దాన్ని ఇష్టపడ్డవాళ్ళకి అది పోయినట్టే.

ఇప్పుడు కాగితాల సంగతి, దీని మీద కాస్త టైమ్ పెట్టండి. వీడియోల్లో "పర్మిట్ ఫైల్ చేశారు" అని ఎర్ర గీత పెట్టి చూపించే కాగితం చాలావరకు నోటీస్ ఆఫ్ కమెన్స్‌మెంట్, అంటే పని మొదలుపెడుతున్నామని చెప్పే నోటీసు. ఫ్లోరిడాలో పెద్ద పని ఏది మొదలుపెట్టినా కౌంటీ దగ్గర అది రికార్డ్ చేయాలి. ఓర్లాండో ఉన్న ఆరెంజ్ కౌంటీలో ఈ రికార్డులు ఉంచే ఆఫీసు కంప్ట్రోలర్, వాళ్ళ వెబ్‌సైట్‌లో అఫీషియల్ రికార్డ్స్ అని ఉంటుంది, ఎవరైనా ఫ్రీగా వెతకొచ్చు, పేరు దగ్గర వాల్ట్ డిస్నీ పార్క్స్ అండ్ రిసార్ట్స్ అని కొట్టి, డాక్యుమెంట్ టైప్ నోటీస్ ఆఫ్ కమెన్స్‌మెంట్ ఎంచుకుంటే వరసగా వస్తాయి. తెరిస్తే ఒకటి రెండు పేజీలే. అందులో ఓనర్ పేరు, పని జరిగే చోటు అడ్రస్, కాంట్రాక్టర్ పేరు, పని గురించి చిన్న లైన్ ఒకటి. రైడ్ పేరు రాయరు, రాసే అవసరం కూడా వాళ్ళకి లేదు. కాబట్టి అడ్రస్‌ని మ్యాప్‌లో పెట్టి ఏ బిల్డింగో మీ కళ్ళతో చూడండి, నాకు అక్కడే దొరికింది తప్పు. ఆ తర్వాత కాంట్రాక్టర్ పేరు గూగుల్‌లో కొట్టండి, వాళ్ళు చేసేది ఏసీ పనా, పెయింటింగా, ఫైర్ స్ప్రింక్లర్లా, కూల్చివేతలా అన్నది చూస్తే పని సైజు తెలిసిపోతుంది.

ఆ కాగితం మీద ఎక్స్‌పైరీ డేట్ ఒకటి ఉంటుంది, చాలామంది తప్పు చదివేది దాన్నే. ఫ్లోరిడా చట్టం ప్రకారం వేరే తేదీ రాయకపోతే ఆ నోటీసు ఒక ఏడాది చెల్లుతుంది, అంతే. అంటే తేదీ ఏడాది తర్వాతది ఉందని రైడ్ ఏడాది మూస్తారని కాదు, పని వారంలో అయిపోవచ్చు. మా గ్రూప్‌లో వచ్చిన వీడియోలో ఆయన ఆ తేదీ పట్టుకుని పది నిమిషాలు మాట్లాడాడు.

భూమి తవ్వేది, చెరువు పూడ్చేది లాంటి పెద్ద పనైతే నీటి వ్యవహారాలు చూసే సౌత్ ఫ్లోరిడా వాటర్ మేనేజ్‌మెంట్ డిస్ట్రిక్ట్ అనే ప్రభుత్వ సంస్థ దగ్గర పర్మిట్ కావాలి, అక్కడ డ్రాయింగ్స్ కూడా పెడతారు, కాబట్టి ఆ కాగితానికి బరువెక్కువ. నది విషయంలో అది నిజమైన సాక్ష్యం. అయితే ఆ నది పోతుందన్న మాట కంపెనీ 2024 ఆగస్టులోనే చెప్పింది, కార్స్ సినిమా ఏరియా అక్కడ కడతామని.

ఎవరు చెప్పారు అన్నదానికొస్తే, డిస్నీ పార్క్స్ బ్లాగ్‌లో గానీ పార్క్ సొంత వెబ్‌సైట్‌లో గానీ ఉందా చూడండి, లేకపోతే ఇంకా రూమరే, ఎంత పెద్ద ఛానెల్ చెప్పినా సరే. పార్క్‌లో పనిచేసే పిల్లల్ని అడిగి ఇబ్బంది పెట్టకండి, వాళ్ళు చెప్పలేరు, చాలాసార్లు వాళ్ళకీ మనతోపాటే తెలుస్తుంది.

కంపెనీ చెప్పేదాకా ఆగితే టైమ్ ఉంటుందా అంటే, అది ఏ కంపెనీ అన్నదాని మీద ఉంటుంది. స్ప్లాష్ మౌంటెన్ మారుస్తామని 2020 జూన్‌లో చెప్పి ఫ్లోరిడాలో మూసింది 2023 జనవరిలో, రెండున్నరేళ్ళు. యూనివర్సల్ ఓర్లాండోలో జాస్ రైడ్‌కి ఇచ్చింది ఒక్క నెల, 2011 డిసెంబర్ మొదట్లో చెప్పి 2012 జనవరి 2న ఆపేశారు. ఇక న్యూజెర్సీలో సిక్స్ ఫ్లాగ్స్ పార్కులో కింగ్డా కా అనే రోలర్ కోస్టర్, 456 అడుగుల ఎత్తు, గంటకి 128 మైళ్ళ స్పీడు, ఎడిసన్ చుట్టుపక్కల ఉండే మన పిల్లలు ఎంతమంది దాన్ని ఎక్కి పెరిగారో. దాని మీద రూమర్ నెలల తరబడి నడిచింది, 2024 నవంబర్ 10న నడిచింది, 14న కంపెనీ ఇక లేదని చెప్పింది, అప్పటికే ఆఖరి రైడ్ అయిపోయింది. 2025 ఫిబ్రవరి 28న పేల్చి పడగొట్టారు. ఎడిసన్‌లో మా బాబాయి కొడుకు, చిన్నప్పట్నుంచి సీజన్ పాస్ ఉన్నవాడు, వచ్చే సమ్మర్‌లో ఎక్కుదాంలే అన్నయ్యా అన్నాడు ఆ అక్టోబర్‌లో నాతో. అందుకే చెప్తున్నా, ఎత్తైన పాత కోస్టర్ మీద రూమర్ వచ్చి, అది గంట కారు దూరంలో ఉంటే, నిజమా అబద్ధమా అని వెతకడం మానేసి ఈ శనివారమే వెళ్ళిపోండి. ఫ్లైటూ హోటలూ పెట్టుకుని వెళ్ళాల్సినదైతేనే పైన చెప్పిన వెతుకులాటంతా.

కొన్ని గుర్తులు చూసి జనం తేల్చేస్తుంటారు, వాటిని నేను లెక్కలోకి తీసుకోను. థియేటర్ సగం ఖాళీ అంటారు, కరోసెల్ ఏళ్ళుగా అలాగే ఉంది. స్పాన్సర్ లేడు కాబట్టి ఉంచరు అంటారు, జనరల్ ఎలక్ట్రిక్ 1985లోనే వెళ్ళిపోయింది, ఆ తర్వాత నలభై ఏళ్ళు నడిచింది కదా. బొమ్మ చెయ్యి ఆగిపోయింది, కార్పెట్ పాతబడింది, ఇవన్నీ మెయింటెనెన్స్ సరిగా లేదని చెప్తాయి, అంతకుమించి ఏమీ చెప్పవు.

ట్రిప్ మార్చాలా వద్దా అన్నదానికి నేను పెట్టుకున్న రూల్, కంపెనీ తేదీ చెప్తేనే డబ్బులు పోయే పని ఏదైనా చేస్తా. తేదీ లేకపోతే రిఫండ్ వచ్చే హోటల్ మాత్రమే బుక్ చేస్తా, పార్క్‌లోకి వెళ్ళగానే ముందు ఆ రైడ్ దగ్గరికే వెళ్తా, సాయంత్రం చూద్దాంలే అని పెట్టుకోను. తేదీ చెప్పేశాక మాత్రం ఆఖరి రోజు వెళ్ళకండి, ముఖ్యంగా పెద్దవాళ్ళతో, గంటలకొద్దీ నిలబడాలి. స్ప్లాష్ మౌంటెన్ ఆఖరి రోజుల్లో ఆ నీళ్ళు సీసాల్లో పట్టి ఈబేలో అమ్మకానికి పెట్టారు, అంత జనం, అంత పిచ్చి. వారం పది రోజుల ముందు, వీక్‌డే పొద్దున్నే వెళ్తే ప్రశాంతంగా చూడొచ్చు.

వెళ్ళినప్పుడు రికార్డ్ చేసుకోండి. వీడియోలు ఎన్నో దొరుకుతాయి నెట్‌లో, మీ అమ్మ నవ్వు వాటిలో ఉండదు. నేను చేసేది ఏంటంటే ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి, తలుపులు తెరవకముందే, చొక్కా జేబులో మైక్ పైకి వచ్చేలా పెట్టుకుంటా, షో అంతా కళ్ళతోనే చూస్తా. వీడియో కావాలంటే ఫ్లాష్ ఆపేసి, స్క్రీన్ బ్రైట్‌నెస్ పూర్తిగా తగ్గించి ఒక్క సీన్ తీసుకోండి చాలు, చీకటి షోలో వెనకాల వాళ్ళకి ఆ వెలుతురు చాలా ఇబ్బంది.

కంపెనీకి రాయాలనుకుంటే రాయండి, నేను రాశా. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో మెయిన్ స్ట్రీట్ మొదట్లో సిటీ హాల్ అని ఉంటుంది, అక్కడ గెస్ట్ రిలేషన్స్‌లో చెప్పొచ్చు. తిట్టొద్దు, మీతో ఎవరొచ్చారు, ఎంత దూరం నుంచొచ్చారు, ఏ సీన్ దగ్గర ఏం జరిగింది అని రాయండి, అలాంటిది చదివిన మనిషికి గుర్తుంటుంది. రాస్తే మూసేయడం ఆగిపోతుందని గ్యారంటీ లేదు మరి. 1997లో ఫ్లోరిడాలో మిస్టర్ టోడ్స్ వైల్డ్ రైడ్ తీసేస్తున్నారని పేపర్లో వస్తే ఫ్యాన్స్ పచ్చ టీషర్టులు వేసుకుని పార్క్‌లోనే నిరసన చేశారు, అయినా 1998 సెప్టెంబర్ 7న మూసేశారు. కాలిఫోర్నియాది మాత్రం తీయలేదు.

ఇక గ్రూప్‌లో ఫార్వర్డ్ వచ్చినప్పుడు. మా పెద్దమ్మ పంపింది అబద్ధం అని మొహం మీద చెప్పలేం కదా. నేను ఇప్పుడు ఒక మెసేజ్ టైప్ చేసి పెట్టుకున్నా, అదే అతికిస్తా: "పెద్దమ్మా, ఇది చూశాను, కంపెనీ ఇంకా ఏమీ చెప్పలేదు, ఆ కాగితం ఏ బిల్డింగ్‌దో చూసి రాత్రికి చెప్తా, అప్పటిదాకా ఎవరూ టికెట్లు మార్చకండి." రాత్రికి నిజంగానే చెప్తా, అది ముఖ్యం, లేకపోతే వచ్చేసారి నా మాట ఎవరూ ఆగి వినరు.

కరోసెల్ విషయానికొస్తే, 2025 ఆగస్టులో కంపెనీయే చెప్పింది, ఎత్తేయట్లేదు, మొదట్లో వాల్ట్ డిస్నీ బొమ్మతో కొత్త సీన్ చేరుస్తామని. నాన్నకి ఫోన్ చేసి చెప్తే కొత్త సీన్ సంగతి ఆయన పట్టించుకోలేదు. ఫ్యూజు సీన్ ఉంచుతున్నారా లేదా అని అడిగారు.