ఫ్రెంచి ఉచ్చారణ – పాఠం 9: ఒక్క మాట, ఐదు ముక్కలు

పోయిన పాఠంలో ముక్కుతో పలికే అచ్చులు చూశాం. ఈసారి ఒకే ఒక్క మాట: జలవిద్యుత్తుకు సంబంధించిన విశేషణం, ‘ఇద్రొఎలెక్త్రిక్’. పుంలింగానికీ స్త్రీలింగానికీ ఇదే రూపం. ‘హైడ్రోఎలెక్ట్రిక్’ అని ఇంగ్లీషులో నలిగిన మాట కాబట్టి నోరు అటే జారుతుంది. ముందు దాన్ని మరిచిపోండి.

ఇ – ద్రొ – ఎ – లెక్ – త్రిక్.

రాతలో మొదట ఉన్న హెచ్ పలకదు. దాని పక్కనున్న వై ఇక్కడ అచ్చంగా ‘ఇ’. అసలు చిక్కు ఆ తర్వాతే. ఒకసారి ‘నిద్ర’ అనండి. నాలుక ‘ద’ దగ్గర క్షణం ఆనుకుని, ‘నిద్–ద్ర’ అవుతుంది. ఛందస్సులో ‘ని’ గురువైంది అందుకే. ఫ్రెంచిలో ఆ ఆనిక లేదు. ‘ఇ’ని తేలిగ్గా వదిలేసి ‘ద్రొ’ను ఒక్క ఊపులో అందుకోవాలి. ఆ దకారం ‘దారి’లోని దకారమే, డకారం కాదు. ‘త్రిక్’లో తకారమూ అంతే. ఇది తెలుగు నోటికి పెద్ద వరం, వాడుకోండి. రకారం మాత్రం నాలుక కొసన కాదు, గొంతు దగ్గర ఒరుసుకుంటూ రావాలి.

‘ద్రొ’ పక్కన ‘ఎ’ రాగానే మనకు యడాగమం తన్నుకొస్తుంది. ‘మా అమ్మ’ను ‘మాయమ్మ’ చేసిన అలవాటు అది. ‘ద్రొయె’ అనకండి. అద్దం ముందు నిలబడి, పెదాలు గుండ్రంగా చుట్టి ‘ఒ’ అనండి. గొంతు ఆపకుండానే పెదాలు పక్కలకు సాగదీస్తే ‘ఎ’ వస్తుంది. మధ్యలో యకారం వినపడితే మళ్ళీ మొదటికి రండి.

‘ఎలెక్’లో రెండు ఎకారాలూ ఒకటి కావు. మొదటిదాని నెత్తిన ఏటవాలు గీత ఉంటుంది, అది బిగువైన ‘ఎ’. రెండోదానికి గీత అక్కర్లేదు. వెనకే ‘క్’ వచ్చి ముక్కను మూసేసింది కాబట్టి అక్కడ నోరు కాస్త ఎక్కువ తెరుచుకుంటుంది. ‘లె–క్త్రిక్’ అని కోశారంటే ఈ తేడా పోతుంది.

చివర ‘త్రిక్కు’ అనకండి, ‘క్’ దగ్గరే ఆపండి.

ఇప్పుడు ‘జలవిద్యుత్ కేంద్రం’ అందాం: ల–సాఁ–త్ర–లి–ద్రొ–ఎ–లెక్–త్రిక్. ‘సాఁత్రల్’ చివరి లకారం పక్క మాటలోని ‘ఇ’తో కలిసి ‘లి’ అయింది చూడండి. నొక్కు చివరి ముక్క మీదే. రోజుకు పదిసార్లు పలకండి.

గ్రెనోబ్ల్ దగ్గర లాఁసేలో కొండనీటితో యంత్రాలు తిప్పిన అరిస్తీద్ బెర్జెస్, 1889 పారిస్ ప్రదర్శనలో ఆ నీటి శక్తికి ‘తెల్ల బొగ్గు’ అని ప్రచారం తెచ్చాడు. ఫ్రెంచిలో అది ‘ల ఉయ్ బ్లాఁష్’. ‘ఉయ్’ ముందూ పలకని హెచ్చే ఉంది, అయినా ‘లుయ్’ అని కలవదు. ఎందుకో వచ్చే పాఠంలో.