ఎల్కేజీ క్లాసు మొదటిసారి చేతికొస్తోందా? ముందు ఇవి చూసుకోండి

జూన్ రెండో వారంలో బడులు తెరుస్తారు. ఒంగోలు, కావలి వైపు టీచర్ ట్రైనింగులో ఉన్న చెల్లెళ్లకి, తమ్ముళ్లకి:

పిల్లల్ని సాయంత్రం ఎవరికి అప్పగించాలో ఫోన్ నంబరుతో సహా రాసిపెట్టుకోండి. "మామయ్యని" అంటూ ఎవరొచ్చినా, పాప నవ్వుతూ చెయ్యి పట్టుకున్నా సరే, ఇంటికి ఫోన్ చేశాకే పంపండి.

బయటికి తీసుకెళ్లేముందు, తిరిగొచ్చాక తలలు లెక్కపెట్టండి. బాత్రూంలో ఒకరు ఉండిపోతారు.

లెక్కలకు చింతగింజలు, పూసలు వద్దు. నా క్లాసులో ఒక బాబు గింజ ముక్కులో దూర్చుకున్నాడు, ఊపిరి బుసబుసమనేదాకా నాకు తెలీలేదు. ఐస్‌క్రీం పుల్లలు చాలు.

గంటకోసారి నీళ్లు మీరే తాగించండి. మన ఎండలకి వాడిపోతారు గానీ అడగరు.

ఏడ్చే బిడ్డతో "అమ్మ ఇప్పుడే వస్తుంది" అనకండి. "అన్నం తిని, నిద్ర లేచాక వస్తుంది" అంటే నమ్ముతారు.