పాత ఆర్‌ఎక్స్ 100 రీబిల్డ్: మన తడి నేలలో వచ్చే సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

యమహా ఆర్‌ఎక్స్ 100 మన దేశంలో 1985 నుంచి 1996 దాకా తయారైంది. 98 సీసీ, టూ-స్ట్రోక్ (పెట్రోలుతో పాటు ఆయిల్ కూడా కాల్చే ఇంజిన్), నాలుగు గేర్లు. ఏపీ 5, ఏపీ 37 నంబర్లతో ఇప్పటికీ అమలాపురం, పాలకొల్లు, నరసాపురం వైపు తిరుగుతూనే ఉన్నాయి. కొబ్బరి తోటలో పాక కింద పడున్న బండిని బయటకు లాగి ఇంట్లోనే బాగుచేసుకుందామనుకునే కుర్రాళ్లూ ఎక్కువే.

బండి మొరాయించగానే అందరి చెయ్యీ ఇంజిన్ మీదకే పోతుంది. మెకానిక్‌ని అడిగితే "ఆయ్, బోరు అయిపోయిందండి" అనేస్తాడు, అంటే పిస్టన్ ఆడే సిలిండర్ అరిగిపోయిందని. కావచ్చు. కానీ గోదావరి పాయల మధ్య, సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో నేను ముందు అనుమానించేది తడిని, ఉప్పుగాలిని. తర్వాత మనం ముచ్చటపడి వేయించిన కొత్త పెయింటును. ఇంజిన్ వంతు ఆ తర్వాతే. కింద రాసింది చాలావరకు ఏ పాత టూ-స్ట్రోక్‌కైనా పనికొస్తుంది.

వైరింగ్ మొత్తం కొత్తది, అయినా స్పార్క్ లేదు

ముందు ప్లగ్ తీసి, క్యాప్‌కి పెట్టి, ప్లగ్ ఒళ్లు హెడ్‌కి గట్టిగా ఆనించి కిక్ కొట్టండి. ప్లగ్ రంధ్రానికి కాస్త దూరంగా పట్టుకోవాలి, అందులోంచి పెట్రోలు ఆవిరి వస్తుంది. ప్లగ్‌ని గాల్లో వేలాడదీసి మాత్రం కొట్టకండి, సీడీఐ (స్పార్క్‌ని నడిపించే ఎలక్ట్రానిక్ డబ్బా) పాడయ్యే ప్రమాదం ఉంది. నీలంగా, చిటుక్కుమంటూ స్పార్క్ రావాలి. పల్చగా ఎర్రగా వచ్చినా, అసలు రాకపోయినా ఇది చదవండి.

ఫ్రేమ్‌కి పౌడర్ కోటింగ్ (పొడి చల్లి వేడితో కరిగించే గట్టి పెయింటు) వేయించారా? అయితే నూటికి తొంభై పాళ్లు ఎర్త్ పోయి ఉంటుంది. ఈ బండిలో కరెంటు తిరిగి వెళ్లే దారి ఫ్రేమే. ఇగ్నిషన్ కాయిల్, రెగ్యులేటర్, హారన్ అన్నీ బోల్టుల ద్వారా ఫ్రేమ్‌ని తాకి ఎర్త్ తీసుకుంటాయి. పౌడర్ కోటింగ్ కరెంటును రానివ్వదు. బోల్టు రంధ్రాల్లోకి, వాషరు కిందికి కూడా అది పారి ఉంటుంది. పరీక్ష తేలిక: ఒక వైరు ముక్క తీసుకుని ఒక కొన ఇంజిన్ బోల్టుకి, ఇంకో కొన కాయిల్ బిగించిన బోల్టుకి కట్టి కిక్ కొట్టండి. స్పార్క్ వచ్చిందంటే కొత్త కాయిల్, కొత్త సీడీఐ కొనే ఖర్చు తప్పినట్టే.

పరిష్కారం: కాయిల్, రెగ్యులేటర్, ఇంజిన్ మౌంటింగ్ బోల్టుల దగ్గర పెయింటును ఎమరీ పేపర్‌తో ఇనుము మెరిసేదాకా గీకండి. బిగించాక పైన వ్యాసలీన్ గానీ గ్రీజు గానీ పట్టించండి. లేకపోతే ఒక్క వానాకాలంలో అక్కడే తుప్పు పట్టి మళ్లీ మొదటికొస్తుంది. గీకడానికి మనసొప్పకపోతే ఇంజిన్ బోల్టు, కాయిల్, రెగ్యులేటర్, బ్యాటరీ మైనస్ నాలుగింటినీ కలుపుతూ ఒక మందపాటి నల్ల వైరు లాగండి. నేనైతే పెయింటు ఎలా ఉన్నా ఈ వైరు వేస్తాను.

ఎర్త్ బాగున్నా స్పార్క్ లేకపోతే తర్వాతి అనుమానం తాళం స్విచ్ మీద. తాళం ఆఫ్ చేసినప్పుడు సీడీఐ వైరు ఒకటి ఎర్త్‌కి తగిలి స్పార్క్ ఆగిపోతుంది. స్విచ్ లోపల చెమ్మ చేరి పచ్చగా చిలుం పడితే, తాళం ఆన్‌లో ఉన్నా అది ఎర్త్ అవుతూనే ఉంటుంది. యమహాలో అది నలుపు మీద తెల్ల గీత ఉండే వైరు. దాన్ని విడదీసి కిక్ కొట్టి చూడండి. బండి అందుకుంటే తప్పు స్విచ్‌దే. అలా విడదీసినప్పుడు తాళంతో బండి ఆగదు, బ్రేకు పట్టి గేరులో ఆపాలి.

స్టార్ట్ అవుతుంది, రెండు కిలోమీటర్లు పోయి ఆగుతుంది, కాసేపాగితే మళ్లీ వస్తుంది

ఆగిన వెంటనే ట్యాంకు మూత తెరవండి. ఉస్సుమని గాలి లోపలికి పీల్చిందంటే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయింది. కొత్తగా క్రోమ్ చేయించిన మూతల్లో ఇది మామూలే. సూదితో తీస్తే సరి.

శబ్దం లేకపోతే కార్బురేటర్ కింది గిన్నె స్క్రూ వదులు చేసి, లోపలిది గాజు సీసాలోకి పట్టండి. కాసేపు నిలకడగా ఉంచితే నీళ్లు అడుక్కి దిగి వేరుగా కనిపిస్తాయి. ఎర్రటి నలుసులుంటే ట్యాంకు తుప్పు.

ఈ నీళ్లు ఎక్కడివంటే, ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం వరకూ ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ గాల్లో తేమను లాక్కుంటుంది. ఒక హద్దు దాటాక నీళ్లు, ఇథనాల్ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుక్కి చేరతాయి. సగం ట్యాంకుతో నెలల తరబడి నిలబెట్టిన బండికి, అదీ మన తేమలో, ఈ బెడద మరీ ఎక్కువ. వానాకాలమంతా బండి తీయనంటే ట్యాంకు పూర్తిగా నింపండి, లేదా పూర్తిగా ఖాళీ చేసి లోపల కాస్త టూటీ ఆయిల్ (టూ-స్ట్రోక్ ఇంజిన్ ఆయిల్) తిప్పి ఉంచండి. సగం మాత్రం వద్దు. పాతకాలం రబ్బరు పైపులు, ఓ-రింగులు కూడా ఇథనాల్‌కి ఉబ్బుతాయి, గట్టిపడి చిట్లుతాయి. రీబిల్డ్‌లో ఉన్నారు కాబట్టి అన్నీ మార్చేయండి, అవేమీ పెద్ద ఖర్చు కాదు.

ట్యాంకు తుప్పుకి: పెట్రోలు కాక్ తీసి రంధ్రం మూసి, గుప్పెడు చిన్న నట్లు వేసి బాగా ఊపండి. తర్వాత వెనిగర్ నింపి ఒక రాత్రి ఉంచండి. మర్నాడు పారబోసి వంటసోడా నీళ్లతో కడిగి, మంచినీళ్లతో ఇంకోసారి కడిగి, వెంటనే ఎండలో ఆరబెట్టండి. ఇక్కడ ఆలస్యం చేస్తే పనంతా వృథా: కడిగిన ఇనుము గంటల్లోనే మళ్లీ ఎర్రబడుతుంది. ఆరీ ఆరగానే ఆయిల్ కలిపిన పెట్రోలు పోసి అన్ని మూలలకూ తగిలేలా తిప్పండి. లోపల పూసే చవక కోటింగుల మీద నాకు నమ్మకం లేదు. పొరలు పొరలుగా లేచి కార్బురేటర్‌లోకే వస్తాయి. ట్యాంకుకి చిల్లు ఉండి వెల్డింగ్ కావాలంటే, ఖాళీ ట్యాంకులో కూడా పేలడానికి చాలినంత ఆవిరి మిగులుతుంది. ట్యాంకు పని తెలిసిన వెల్డర్‌కే ఇవ్వండి.

యాక్సిలరేటర్ వదిలినా రేసింగ్ తగ్గడం లేదు

ఇది తేలిగ్గా తీసుకునే గుర్తు కాదు. ఎక్కడినుంచో దొంగగాలి దూరుతోంది. గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైతే, పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది.

ముందు కేబుల్ ఎక్కడైనా పట్టిందేమో చూడండి. లేకపోతే బండి ఐడిల్‌లో ఉండగా కార్బురేటర్‌కి, ఇంజిన్‌కి మధ్య ఉన్న రబ్బరు జాయింట్ మీద కార్బ్ క్లీనర్ కొద్దిగా స్ప్రే చేయండి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు వద్దు, అది మండే సరుకు. శబ్దం మారితే లీకు అక్కడే. ఎండకి, ఉప్పుగాలికి ఆ రబ్బరు సన్నగా పగులుతుంది, చేత్తో వంచితే గానీ కనపడదు. అది బాగుంటే ఎడమ వైపు మాగ్నెట్ (కరెంటు పుట్టించే చక్రం) వెనక, క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) చుట్టూ ఉండే ఆయిల్ సీల్ చూడాలి. ఏళ్ల తరబడి నిలబడిన బండిలో అది ఎండిపోయి ఉంటుంది. సీల్ మార్చడానికి మాగ్నెట్ పుల్లర్ తప్పనిసరి, సుత్తితో కొడితే క్రాంక్ పోతుంది.

స్టాండర్డ్ ఫిల్టర్ డబ్బా తీసేసి బయటి ఫిల్టర్ పెట్టినవాళ్లకూ ఇదే బాధ, కొంచెం వేరే రూపంలో: కింద బాగానే లాగుతుంది, స్పీడులో ఊపిరాడనట్టు అవుతుంది. కార్బురేటర్‌లో పెట్రోలు వదిలే మెయిన్ జెట్ ఒక్కో సైజు పెంచుతూ ప్లగ్ రంగు చూసుకోవాలి. కాఫీ పొడి రంగు వస్తే సరిగ్గా ఉన్నట్టు, తెల్లగా ఉంటే ఇంకా గాలి ఎక్కువ, నల్లగా తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువ. నన్నడిగితే ఆ డబ్బా అలాగే ఉంచండి. వానలో మన రోడ్ల మీద బయటి ఫిల్టర్ నీళ్లు తాగుతుంది. సైలెన్సర్ లోపలి గొట్టం పీకేయడం ఇంకా దండగ. టూ-స్ట్రోక్‌లో సైలెన్సర్ కూడా ఇంజిన్‌లో భాగమే, పీకితే మోత పెరుగుతుంది, కింది పికప్ పోతుంది, పోలీసులు ఆపుతారు.

తెల్లటి పొగ ఆగడం లేదు

చలి ఉదయం మొదట్లో కొంచెం పొగ సహజం. వేడెక్కాక కూడా ఆగకుండా, గేరు ఆయిల్ తరిగిపోతుంటే కుడి వైపు క్లచ్ దగ్గరి క్రాంక్ సీల్ పోయింది. గేరు ఆయిల్‌ని ఇంజిన్ లాక్కుని కాలుస్తోంది. సీల్ మార్చండి. ఎడమదీ కుడిదీ ఒకేసారి మార్చడం మంచిది.

కొత్త బోరు, కొత్త పిస్టన్, అయినా పట్టేసింది

రెండు కారణాలు ఎక్కువ. ఒకటి, పిస్టన్ ఇవ్వకుండా బోరు కొట్టించడం. ఓవర్‌సైజులు 0.25, 0.50 మి.మీ. అని వరుసగా ఉంటాయి గానీ, ముందు పిస్టన్ కొని లేత్ షాపులో చేతికిచ్చి దాని కొలతకి బోరు కొట్టించాలి. రెండు, ఆయిల్ పంపు. ఆయిల్ ట్యాంకు, పైపు విప్పితే లైనులో గాలి చేరుతుంది. ఆ గాలి తీయకుండా బండి నడిపితే ఇంజిన్‌కి ఆయిల్ అందదు. పంపు దగ్గరి బ్లీడ్ స్క్రూ వదులు చేసి బుడగలు ఆగేదాకా ఆయిల్ కారనివ్వండి. అది చేసినా మొదటి ట్యాంకుకి లీటరు పెట్రోలులో 20 మి.లీ. టూటీ ఆయిల్ అదనంగా కలపండి. ప్లగ్ కాస్త నల్లబడితే నష్టమేమీ లేదు.

నడుస్తుండగా ఇంజిన్ బిగుస్తున్నట్టు అనిపిస్తే వెంటనే క్లచ్ పట్టండి. వెనక చక్రం లాకైతే పడిపోతారు.

వరదలో మునిగిన బండి

2022 జూలై వరదలో లంక గ్రామాల్లో చాలా బళ్లు మునిగాయి. వరద తగ్గగానే ఆత్రంగా కిక్ కొట్టడమే అన్నిటికన్నా చేటు. ఇంజిన్ లోపల చేరిన నీళ్లు నొక్కుకుపోవు, కనెక్టింగ్ రాడ్ వంగే ప్రమాదం ఉంది. నీళ్లు లేకపోయినా ఒండ్రు బోరును ఉప్పుకాగితంలా గీరేస్తుంది. ప్లగ్, కార్బురేటర్, సైలెన్సర్ విప్పి, బండిని వంచి నీళ్లు వార్చండి. ప్లగ్ రంధ్రంలో డీజిల్ పోసి ఒక రోజు వదిలేయండి. గేరు ఆయిల్ పాల టీ రంగులో ఉంటుంది. కొత్తది పోయడం, కాసేపు తిప్పడం, తీసేయడం, ఆ రంగు పోయేదాకా ఇదే పని. బురద లోపలికి వెళ్లినట్టు అనుమానం ఉంటే హెడ్, బోరు విప్పడం తప్పదు. బేరింగులు తిప్పినప్పుడు గరగరలాడితే అవి కూడా పోయినట్టే.

ముందు ఫోర్క్ సీల్ మార్చినా నెలకే ఆయిల్ కారుతోంది

తప్పు సీల్‌ది కాదు, రాడ్‌ది. ఉప్పుగాలికి క్రోమ్ మీద సూది మొనంత గుంటలు పడతాయి, అవి కొత్త సీల్‌ను కోస్తాయి. గోరుతో తడిమితే తగులుతాయి. హార్డ్ క్రోమ్ చేయించండి లేదా రాడ్లు మార్చండి.

ఎల్‌ఈడీ పెట్టాక ఇండికేటర్ గబగబా కొట్టుకుంటోంది

ఇండికేటర్‌ని వెలిగించి ఆర్పే పాత రిలేకి ఎల్‌ఈడీ లాగే కరెంటు చాలదు. ఎలక్ట్రానిక్ రిలే పెడితే సరి. హెడ్‌లైట్ ఐడిల్‌లో మిణుకుమిణుకుమంటే అది నేరుగా కాయిల్ నుంచి ఏసీ కరెంటు తీసుకుంటోందన్నమాట. బ్యాటరీ నుంచి డీసీ లైను ఇవ్వాలి.

ఆర్టీఓ ఆఫీసులో ఛాసిస్ నంబరు కనపడటం లేదంటున్నారు

రిజిస్ట్రేషన్‌కి 15 ఏళ్లు నిండాక ప్రతి ఐదేళ్లకీ రెన్యువల్ కావాలి, అప్పుడు బండిని చూస్తారు. రంగు మార్చినా ఆర్‌సీలో రాయించాలి. ఫ్రేమ్ ఆకారం కోసి మార్చితే మాత్రం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చకూడదని చెప్పింది. హ్యాండిల్ దగ్గర ఫ్రేమ్ మీద కొట్టిన నంబరు దట్టమైన పౌడర్ కోటింగ్ కింద పూడిపోతే, పెయింటు రిమూవర్‌తో ఆ ముక్క వరకే తీసి పల్చగా లక్కర్ వేయండి. గ్రైండర్ పెట్టకండి, నంబరు అరిగితే దొంగబండి అనుమానం వస్తుంది. ఇంకా పెయింటుకి ఇవ్వనివాళ్లు ఇప్పుడే నంబరు ఫోటో తీసి, దాని మీద రెండు పొరలు టేపు వేసి ఇవ్వండి.