సన్ సెన్సర్ డిజైన్, 3వ పాఠం: రంధ్రం ఎంత ఉండాలి?

సన్ సెన్సర్ అంటే సూర్యుడు ఏ దిక్కున ఉన్నాడో ఉపగ్రహానికి చెప్పే పరికరం. అందులో మాస్క్ (రంధ్రం ఉన్న పలుచని పలక)లోని రంధ్రం గుండా వచ్చిన ఎండ కింద డిటెక్టర్ మీద చుక్కగా పడుతుందనీ, చుక్క జరిగిన దూరం = డిటెక్టర్ నుంచి మాస్క్ ఎత్తు × టాన్ (సూర్యకోణం, అంటే నిట్టనిలువు నుంచి సూర్యుడి వాలు) అనీ గత పాఠంలో చూశాం. ఇప్పుడు రంధ్రం వ్యాసం తేలుద్దాం. ఎత్తు 1 మిల్లీమీటరు, పిక్సెల్ 10 మైక్రాన్లు అనుకోండి.

రంధ్రం ఎంత సన్నగా ఉంటే చుక్క అంత సన్నగా పడుతుందని అనిపిస్తుంది. లెక్క వేస్తే అలా రాదు. భూమి దగ్గర సూర్యబింబం 0.53 డిగ్రీల వెడల్పు ఉంటుంది కాబట్టి 9 మైక్రాన్ల విస్తరణ ఎలాగూ తప్పదు. దానిపైన వివర్తనం (సన్న రంధ్రం దాటిన వెలుతురు పక్కలకు పరుచుకోవడం) ఉంది: 2.44 × తరంగదైర్ఘ్యం × ఎత్తు ÷ రంధ్రం వ్యాసం. తరంగదైర్ఘ్యం 0.6 మైక్రాన్లు తీసుకుంటే 50 మైక్రాన్ల రంధ్రానికి 29, 20 మైక్రాన్ల రంధ్రానికి 73 వస్తాయి. రంధ్రం వ్యాసం, వివర్తనం, సూర్యబింబం మూడింటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే చుక్క సైజు స్థూలంగా తెలుస్తుంది: మొదటిదానికి 59, రెండోదానికి 76. సన్న రంధ్రానికే పెద్ద చుక్క! పైగా వెలుతురు ఆరో వంతుకు పడిపోయింది. ఈ లెక్కలో అతి చిన్న చుక్క 38 మైక్రాన్ల రంధ్రం దగ్గర వస్తుంది, అదీ 55 మైక్రాన్లు.

అంత పెద్ద చుక్కతో కచ్చితత్వం ఎలా? నిజానికి అదే మనకు కావాలి. చుక్క ఒక్క పిక్సెల్‌లో ఇమిడిపోతే అది ఏ పిక్సెలో మాత్రమే తెలుస్తుంది. ఐదారు పిక్సెళ్లకు పరుచుకుంటే, వెలుతురును బట్టి సగటు కట్టి సెంట్రాయిడ్‌ను, అంటే చుక్క కేంద్రాన్ని, పిక్సెల్‌లో పదో వంతు దాకా పట్టవచ్చు. సూర్యుడు నిట్టనిలువుగా ఉన్నప్పుడు 1 డిగ్రీకి చుక్క 17.5 మైక్రాన్లు జరుగుతుంది, అంటే 1 మైక్రాన్ పొరపాటు 0.06 డిగ్రీలు.

ఈ సెంట్రాయిడ్‌ను పాడుచేసేది దొంగ వెలుతురు. డిటెక్టర్ మీద పడిన ఎండ పైకి ఎగసి, మాస్క్ అడుగున తగిలి మళ్లీ కిందికి వస్తే రెండో చుక్క పుడుతుంది. అందుకే మాస్క్ అడుగు భాగానికి వెలుతురును పీల్చుకునే పూత తప్పనిసరి. భూమి నుంచి వచ్చే ప్రతిఫలిత కాంతి డిటెక్టర్ మీద పలచగా పరుచుకుంటుంది, కాబట్టి త్రెషోల్డ్ (ఇంతకంటే తక్కువ వెలుతురును లెక్కలోకి తీసుకోని హద్దు) పెట్టి చాలావరకు తీసేయవచ్చు.

అభ్యాసం: మాస్క్‌కూ డిటెక్టర్‌కూ మధ్య గాలి ఖాళీ బదులు 1.46 వక్రీభవన గుణకం ఉన్న గాజు పెట్టండి. 60 డిగ్రీల దగ్గర గాలిలో చుక్క 1.73 మి.మీ. జరుగుతుంది. గాజులో 0.74 రావాలి. ఆ తర్వాత 0 దగ్గర, 60 దగ్గర డిగ్రీకి ఎన్ని మైక్రాన్లు జరుగుతుందో రెండింటికీ లెక్కగట్టి పక్కపక్కన రాయండి. గాలిలో ఆ రెండు అంకెలకూ నాలుగు రెట్ల తేడా ఉంటుంది, గాజులో ఎంతో చూడండి. రేడియేషన్‌కు ఆ గాజు రంగు మారే సంగతి 4వ పాఠంలో.