గ్యాస్ మాత్ర వేసుకుంటున్నా సరే, చిన్నపేగును గమనించుకోండి

మోకాలి నొప్పికి ఎనిమిది నెలలు రోజూ డైక్లోఫెనాక్ వేసుకున్నాను. పరగడుపున గ్యాస్ మాత్ర ఒక్కరోజూ మానలేదు. అందుకే మెట్లెక్కితే ఆయాసం వస్తున్నా డైక్లోఫెనాక్ మీద అనుమానం రాలేదు. పరీక్షలో హిమోగ్లోబిన్ 8 ఉంది. జీర్ణాశయాన్ని చూసే ఎండోస్కోపీ, పెద్దపేగును చూసే కొలనోస్కోపీ రెండింటిలోనూ ఏమీ లేదు. చివరికి మాత్రలా మింగే కెమెరాలో బయటపడింది: చిన్నపేగులో పుళ్లు, వాటినుంచి కొద్దికొద్దిగా రక్తం. అన్నాళ్లూ నాకు కడుపునొప్పే లేదు.

గ్యాస్ మాత్ర తగ్గించేది ఆమ్లాన్ని. జీర్ణాశయాన్నీ, దాన్ని ఆనుకున్న పేగు మొదటి భాగాన్నీ అది కాపాడుతుంది. ఆ కింద పుండుకు కారణం ఆమ్లం కాదు. డైక్లోఫెనాక్ కాలేయం నుంచి పైత్యరసంతో కలిసి మళ్లీ పేగులోకే దిగుతుంది, పేగు పొరకు పదేపదే తగులుతుంది. 2005లో వెలువడిన ఒక అధ్యయనంలో ఆరోగ్యవంతులైన 40 మందికి గ్యాస్ మాత్రతో పాటే రెండు వారాలు డైక్లోఫెనాక్ ఇచ్చారు. 27 మంది చిన్నపేగులో కొత్తగా గాయాలు కనిపించాయి. ఇది నాకు ముందే తెలిసుంటే!

ఇంట్లో ఉన్న నొప్పి మాత్రలన్నీ ఒకచోట పెట్టండి. పెద్ద అక్షరాల పేరు వదిలేసి, అట్ట వెనక చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి. ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్, ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్ అన్నీ ఒకే జాతి. తెలియకుండా రెండు వేసుకుంటుంటే వెంటనే డాక్టరుకు చెప్పండి. రక్తం పలచబడే మందులు, స్టెరాయిడ్లు వాడేవాళ్లకు ప్రమాదం ఇంకా ఎక్కువ.

నెలల తరబడి వాడక తప్పకపోతే హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే పరీక్ష) అప్పుడప్పుడు చూపించుకోండి. నొప్పి కోసం ఎదురుచూడొద్దు. మలం తారులా నల్లగా, జిగురుగా వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఐరన్ మాత్రలతోనూ మలం నల్లబడుతుంది కాబట్టి అవి వాడుతుంటే ఆ మాట చెప్పండి.

తిన్నాక కడుపు ఉబ్బి, మెలిపెట్టి, వాంతులవుతుంటే కెమెరా మింగేముందే డాక్టరుకు తెలియాలి. ఈ పుళ్లు మానేటప్పుడు పేగు అక్కడక్కడా సన్నబడుతుంది, కెమెరా అందులో ఇరుక్కుపోవచ్చు.

నేను మాత్ర మానేసి, మోకాలికి పూతమందు రాసుకుంటున్నాను. దానినుంచి రక్తంలో కలిసే మందు చాలా తక్కువ. ఐరన్ వాడాక నాలుగు నెలల్లో హిమోగ్లోబిన్ 12కు వచ్చింది. కానీ గుండె కోసం రాసిచ్చిన ఆస్పిరిన్‌ను ఇది చదివి మీ అంతట మీరు ఆపకండి, డాక్టరును అడగండి.