పొద్దుటి పావుగంట – 3వ పాఠం: ఆరు చొక్కాలు, మూడు ప్యాంట్లు

గత పాఠంలో బీరువా ఖాళీ చేసి, ఏడాదిగా తొడగనివన్నీ పక్కన పెట్టాం. మిగిలినవాటిని ఈసారి ఒక లెక్కలోకి తెద్దాం. చీకట్లో చెయ్యిపెట్టి ఏ చొక్కా లాగినా, ఏ ప్యాంటు మీదికైనా నప్పాలి.

చొక్కాలు ఆరు. పనిదినాలకు అయిదు, కాఫీ ఒలికిన రోజుకి ఒకటి. రెండు తెలుపు, మూడు లేత నీలం, ఒకటి సన్నగీతలది. ప్యాంట్లు ముదురు నీలం, ముదురు బూడిద, ఖాకీ. నల్లది వద్దంటాను, దుమ్ము ఇట్టే కనిపిస్తుంది, కాటన్‌దైతే నాలుగు ఉతుకులకే వెలిసిపోతుంది. అమెరికా అధ్యక్షుడిగా ఉండగా ఒబామా 2012లో ఇదే మాట చెప్పారు: బూడిద, నీలం సూట్లే వేసుకుంటాను, ఏం తినాలి ఏం తొడగాలి అన్న నిర్ణయాలు తగ్గించుకుంటాను అని. హైదరాబాద్ మే నెలలో సూటు మన వల్ల కాదు గానీ, ఆ పద్ధతి పనికొస్తుంది.

కుట్టించుకునేవాళ్లు 58 అంగుళాల పన్నా (వెడల్పు) గుడ్డయితే ఫుల్ హ్యాండ్స్ చొక్కాకి 1.6 మీటర్లు, ప్యాంటుకి 1.3 మీటర్లు తీసుకోండి. భారీ మనిషైతే ఇంకాస్త. కాటన్ గుడ్డను రాత్రంతా నీళ్లలో నానేసి, మెలిపెట్టి పిండకుండా నీడన ఆరేసి, ఆ తర్వాతే టైలర్‌కి ఇవ్వండి. బద్ధకిస్తే మొదటి ఉతుక్కే కాలర్ బిగుస్తుంది, చేతులు మణికట్టు పైకి పోతాయి. అప్పుడు టైలర్‌ని తిట్టి లాభం లేదు. కొలత చూసేటప్పుడు భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక చివర పడాలి. కాలర్ గుండీ పెట్టాక రెండు వేళ్లు దూరాలి.

ఇక ఇస్త్రీ. వీధి చివర బండికి వేసేవాళ్లు కూడా ఒకసారి చేసి చూడండి. చొక్కా కాస్త చెమ్మగా ఉండగానే మొదలుపెట్టాలి, ఎండిపోతే నీళ్లు చిలకరించి చుట్టి పది నిమిషాలు ఉంచాలి. ముందు కాలర్, అదీ లోపలి వైపు. కొసల నుంచి మధ్యకు రండి. మధ్య నుంచి కొసలకు తోస్తే మిగిలిన గుడ్డంతా కొస దగ్గర ముడతై కూర్చుంటుంది, మనిషి ఎదురుగా నిలబడితే ముందు కనబడేది అదే. తర్వాత భుజాల పట్టీ, కఫ్‌లు, చేతులు, ముందు రెండు పక్కలు. వీపు ఆఖరున: ముందే చేస్తే మిగతావి చేసేసరికి నలిగిపోతుంది. ప్యాంటు తిరగేసి చేయండి, లేదా పైన పల్చటి తడిగుడ్డ వేయండి. ముదురు రంగు మీద నేరుగా వేడి పెట్టె ఆనిస్తే మెరుపు మచ్చ పడుతుంది, అది ఓ పట్టాన పోదు.

తెల్లచొక్కా చంకల్లో పచ్చబడితే బ్లీచ్ పోయకండి, ఇంకా పచ్చబడుతుంది. చెమటతో డియోడరెంట్‌లోని అల్యూమినియం లవణాలు కలిసి వచ్చే మరక అది. డియోడరెంట్ పూర్తిగా ఆరాకే చొక్కా తొడగడం అలవాటు చేసుకోండి.

ఈ వారం అభ్యాసం: ఆదివారం సాయంత్రం అయిదు చొక్కాలూ హ్యాంగర్లకు తగిలించి, గుండీలన్నీ లాగి చూడండి. రోజూ ఎడమ చివరిది తీయండి. విప్పింది మళ్లీ కడ్డీకి తగిలించకుండా ఉతుకుల బుట్టలో వేయండి. శుక్రవారానికి కడ్డీ మీద చొక్కా మిగిలితే, మధ్యలో ఏ రోజు వరస తప్పారో, ఎందుకు తప్పారో రాసిపెట్టుకోండి. వచ్చే పాఠంలో బూట్లు: రెండు జతలు ఎందుకు ఉండాలో, ఒకే జత రోజూ వేస్తే తోలు ఎందుకు పగులుతుందో చూద్దాం.