గ్రూపుల్లో తిరిగే సైన్సు, ఫోన్ వార్తలు: లక్షణం, కారణం, ఏం చేయాలి

ముందు వాట్సాప్ మెసేజ్ పైన రెండు బాణాల గుర్తు ఉందేమో చూడండి. ఉంటే అది కనీసం ఐదు చాట్‌లు దాటి వచ్చినట్టు. అలాంటి మెసేజ్‌ను వాట్సాప్ ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తుంది. ఈ గుర్తును బట్టి వార్త అబద్ధమని తేలదు. రాసినవాళ్లను అడిగే దారి లేదని మాత్రం తేలుతుంది.

నల్లగొండ, పాలమూరు వైపు ఊరి గ్రూపుల్లో తిరిగే ఇలాంటి వార్తల్లో మొత్తం అల్లినవి తక్కువ. చాలావాటిలో ఒక నిజం ఉంటుంది, దాని పక్కన ఉండాల్సిన ముక్క రాలిపోయి ఉంటుంది. ఆ ముక్క తేదీ కావచ్చు, కొలత కావచ్చు, ఒక షరతు కావచ్చు, వాక్యంలో సగమే కావచ్చు. అందుకే "ఇది ఫేక్" అని కొట్టిపారేసే బదులు రాలిన ముక్కను వెతికి పెడితే పంపిన పెద్దమనిషి కూడా వింటాడు.

"ఇయ్యాల రాత్రి 12:30 నుంచి 3:30 దాంక ఫోన్లు బంద్ వెట్టుండ్రి, కాస్మిక్ కిరణాలు వస్తున్నయంట"

ఇందులో రాలిపోయింది తేదీ. "ఇయ్యాల" అని ఉంది కాబట్టి ఏళ్ల తరబడి ప్రతి రాత్రికీ ఇది కొత్త వార్తే. నాసా, బీబీసీ పేర్లు ఉంటాయి కానీ లింకు ఉండదు.

నిజం ముక్క ఏమిటంటే, కాస్మిక్ కిరణాలు, అంటే అంతరిక్షం నుంచి దూసుకొచ్చే కణాలు, ఉన్నాయి, అన్ని రాత్రులూ అన్ని పగళ్లూ పడుతూనే ఉన్నాయి. అవి గాలిపొరను తాకినప్పుడు పుట్టే మ్యూయాన్ అనే కణాలు నేల మీద చదరపు సెంటీమీటరుకు నిమిషానికి దాదాపు ఒకటి చొప్పున దిగుతాయి. ఏడు సెంటీమీటర్ల వెడల్పు, పదహారు సెంటీమీటర్ల పొడుగు ఉన్న ఫోన్ గుండా నిమిషానికి వందకు పైగా దూసుకుపోతాయి. ఫోన్ ఆన్‌లో ఉందా ఆఫ్‌లో ఉందా అన్నదానితో వాటికి సంబంధం లేదు.

ఇవి ఎలక్ట్రానిక్స్‌ను తాకితే మెమరీలో ఒక 0 కాస్తా 1 అయిపోవచ్చు. 2003లో బెల్జియంలోని స్కార్‌బీక్‌లో ఓట్ల యంత్రం ఒక అభ్యర్థికి 4,096 ఓట్లు ఎక్కువ చూపించింది. 4,096 అంటే 2ను పన్నెండుసార్లు హెచ్చించిన సంఖ్య, అంటే సరిగ్గా ఒక్క బిట్టు (మెమరీలోని ఒక 0 లేదా 1) తారుమారైన లెక్క. కాస్మిక్ కణమే కారణం కావచ్చని అనుమానించారు, రుజువు కాలేదు. 2025 నవంబర్ చివర్లో ఎయిర్‌బస్ సంస్థ, తీవ్రమైన సౌర వికిరణం వల్ల విమానాన్ని నడిపే డేటా చెడిపోయే అవకాశం ఉందని చెప్పి ఎ320 కుటుంబానికి చెందిన దాదాపు 6,000 విమానాలను సరిచేయించింది. చాలావాటికి సాఫ్ట్‌వేర్ మారిస్తే సరిపోయింది. అసలు వార్త ఇంత బాగుండగా, గ్రూపులో తిరిగేది మాత్రం దిండు కింది ఫోన్ గురించి.

చేయాల్సింది ఒక్క ప్రశ్న: "మామా, ఇది ఏ తేదీది?" జవాబు రాకపోతే అక్కడితో వదిలేయండి.

"ఆగస్టు 27న ఆకాశంల ఇద్దరు చంద్రులు"

ఇక్కడ పోయింది సగం వాక్యం. 2003 ఆగస్టు 27న అంగారకుడు భూమికి సుమారు 5.58 కోట్ల కిలోమీటర్ల దూరానికి వచ్చాడు. దాదాపు 60 వేల ఏళ్లలో అంత దగ్గరికి రాలేదు. అప్పట్లో తిరిగిన మెసేజ్‌లో "75 రెట్లు పెద్దది చేసి చూపే టెలిస్కోప్‌లో చూస్తే, మామూలు కంటికి చంద్రుడు కనిపించేంత కనిపిస్తాడు" అన్న అర్థం ఉంది. టెలిస్కోప్ ముక్క ఎక్కడో జారిపోయింది, సంవత్సరమూ జారిపోయింది.

కాగితం మీద లెక్క వేసి చూడొచ్చు. చంద్రుడు 3.84 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంటాడు. ఆ రోజు అంగారకుడు దానికి 145 రెట్ల దూరంలో ఉన్నాడు. అంగారకుడి అడ్డకొలత మాత్రం చంద్రుడికి దాదాపు రెట్టింపే. 145ను రెండుతో భాగిస్తే కంటికి చంద్రుడిలో డెబ్బయ్యో వంతుకు అటూఇటూ కనిపిస్తాడని తేలుతుంది. అంటే ఎర్రటి చుక్క.

"2032ల మన దేశం మీద గ్రహశకలం పడ్తది, అవకాశం పెరుగుతున్నదంట"

దీని పేరు 2024 వైఆర్4. 2024 డిసెంబర్ 27న చిలీలోని టెలిస్కోప్‌కు దొరికింది. 2032 డిసెంబర్ 22న భూమిని తాకే అవకాశం 2025 ఫిబ్రవరి 18 నాటికి 3.1 శాతానికి చేరింది, తాకితే ఎక్కడ తాకొచ్చో గీసిన పట్టీలో భారతదేశమూ ఉంది. ఇంతవరకూ నిజమే. రాలిపోయింది తర్వాతి వారం. ఆ నెల 24 నాటికే అంకె 0.004 శాతానికి పడిపోయింది.

పెరిగింది మళ్లీ పడిపోవడం లెక్కల తప్పు కాదు. తప్పిపోయిన మేక జిల్లాలో ఎక్కడో ఉందంటే మన ఊర్లో ఉండే అవకాశం చాలా తక్కువ. మన మండలంలోనే ఉందని తెలిస్తే అవకాశం పెరుగుతుంది, పక్క ఊర్లో దొరికిందంటే సున్నా అవుతుంది. వెతికే జాగా చిన్నదవుతూ, మనం ఇంకా అందులోనే ఉన్నంతసేపు అంకె ఎక్కుతుంది. గ్రహశకలం వార్త ఏది వచ్చినా అంకె పక్కన తేదీ చూడండి, నెల దాటి ఉంటే కొత్త అంకె వెతకండి.

"మీ నీళ్లు విషం": గ్లాసులో కడ్డీలు పెట్టగానే నీళ్లు ఎర్రబడుడు

మన దగ్గర ఎక్కువ నష్టం చేసే "సైన్సు" ఇదే, కాబట్టి కొంచెం వివరంగా.

లక్షణం: ఫిల్టర్ అమ్మే మనిషి ఇంటికొస్తాడు, లేదా అదే వీడియో గ్రూపులో వస్తుంది. ఒక గ్లాసులో బోరు నీళ్లు, ఇంకో గ్లాసులో ఆర్వో నీళ్లు. కడ్డీలున్న డబ్బాను రెండిటి మీదా పెట్టి ప్లగ్గు వేస్తాడు. నిమిషంలో బోరు నీళ్లు తుప్పు రంగుకు తిరిగి మడ్డి తేలుతుంది. ఆర్వో నీళ్లు కొంచెం పసుపు తిరుగుతాయి, అంతే.

కారణం: ఆ మడ్డి నీళ్లలోది కాదు, కడ్డీది. బోరు నీళ్లలో లవణాలు ఉంటాయి కాబట్టి కరెంటు బాగా పారుతుంది. కరెంటు పారితే ఇనుప కడ్డీ కరిగి తుప్పుగా మారి నీళ్లలో కలుస్తుంది. ఆర్వో నీళ్లలో లవణాలు తక్కువ, కరెంటు సరిగ్గా పారదు, కడ్డీ కరగదు.

పరిష్కారం: ఆ ఆర్వో గ్లాసులోనే చిటికెడు ఉప్పు వేసి మళ్లీ పెట్టమనండి. అదీ తుప్పు రంగుకే తిరుగుతుంది. అప్పుడు ఇంట్లోవాళ్లకు వేరే ఏమీ చెప్పనక్కర్లేదు. కరెంటు ఉన్నంతసేపు నీళ్లలో వేలు పెట్టొద్దు, ఆ డబ్బా ఇంటి ప్లగ్గు మీద నడుస్తుంది.

అమ్మేవాడి మాటలోనూ ఒక నిజం ఉంది. నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు పక్క బోర్లలో పళ్లనూ ఎముకలనూ పాడుచేసే ఫ్లోరైడ్ బాధ ఎంతదో చెప్పక్కర్లేదు. కానీ కడ్డీల డబ్బా ఫ్లోరైడ్‌ను చూపదు. చేతిలో పట్టుకునే టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) మీటరూ చూపదు. మీటరు కొలిచేది నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో మాత్రమే, దాన్ని ఒక అంకెతో హెచ్చించి లీటరుకు ఇన్ని మిల్లీగ్రాముల లవణాలని రాస్తుంది. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాకా సరే, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా. టీడీఎస్ 500 దాకా సరే, వేరే దారి లేకపోతే 2,000 దాకా. మీటరు మీద 400 ఉన్న నీళ్లలో 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉండొచ్చు. వందల అంకెలో మూడు ఎక్కడ కనబడుతుంది?

కాబట్టి ఫ్లోరైడ్‌నే పరీక్ష చేయించాలి. బోరును ఐదు నిమిషాలు నడవనిచ్చి, ప్లాస్టిక్ సీసాను ఆ నీళ్లతోనే మూడుసార్లు కడిగి, లీటరు పట్టండి. గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్ గాజుతో కలుస్తుంది. జిల్లా నీటి పరీక్షల ల్యాబ్‌కు ఇచ్చేటప్పుడు "ఫ్లోరైడ్" అని పేరు పెట్టి అడగండి, లేకపోతే టీడీఎస్, ఉదజని సూచిక (పీహెచ్)తో సరిపెట్టుకునే ప్రమాదం ఉంది.

ఫ్లోరైడ్ ఉందని తేలాక మూడు తప్పులు జరుగుతాయి.

కాచి తాగడం మొదటిది. కాస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ ఎక్కడికీ పోదు, నీళ్లే ఆవిరవుతాయి. లీటరుకు 2 మిల్లీగ్రాములున్న పది లీటర్లను మరిగించి ఎనిమిది చేస్తే 2.5 అవుతుంది.

"పటిక వేస్తే పోతది" అన్నది రెండోది. దీనికి మూలం నాగ్‌పూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించిన నల్లగొండ పద్ధతి, అది నిజమైన సైన్సే. కానీ దాంట్లో పటికతోపాటు సున్నం, కొద్దిగా బ్లీచింగ్ పౌడర్ ఉంటాయి. పటిక మోతాదు ఆ నీళ్ల ఫ్లోరైడ్‌నూ క్షారతనూ బట్టి మారుతుంది. కలిపాక గంటసేపు కదపకుండా పెట్టి, మడ్డిని కదిలించకుండా పైనీళ్లే తీయాలి. మోతాదు తెలియకుండా గడ్డ తిప్పితే నీళ్లు తేటగా కనిపిస్తాయి, ఫ్లోరైడ్ మాత్రం పెద్దగా తగ్గదు.

మూడోది ఎవరూ చెప్పనిది. చాలా ఆర్వో మిషన్లలో టీడీఎస్ కంట్రోలర్ అనే చిన్న వాల్వు ఉంటుంది. రుచి కోసం వడగట్టని నీళ్లను కొంత మళ్లీ కలుపుతుంది. బోరు నీళ్లలో 3, ఆర్వో నీళ్లలో 0.3 ఉన్నాయనుకోండి. రెండు పాళ్ల ఆర్వోకు ఒక పాలు బోరు నీళ్లు కలిస్తే 1.2 అవుతుంది, అంటే మళ్లీ హద్దు దాటింది. ఫ్లోరైడ్ ఉన్న ఊర్లో ఆ వాల్వును పూర్తిగా మూసేయమని మెకానిక్‌కు గట్టిగా చెప్పండి. మిషన్ వదిలే వేస్టు నీళ్లలో ఫ్లోరైడ్ మరింత చిక్కబడుతుంది. గిన్నెలు కడగొచ్చు, బర్లకు మాత్రం పెట్టొద్దు.

"రెండు వేలు దాటితే ఫోన్‌పేల జీఎస్టీ"

2025 ఏప్రిల్ 18న కేంద్ర ఆర్థిక శాఖ అలాంటి ప్రతిపాదనే లేదని ప్రకటించింది. 2023 మార్చిలో తిరిగిన "1.1 శాతం చార్జీ" వార్తలో రాలిపోయింది షరతు. అది వ్యాలెట్‌లో నింపుకున్న డబ్బుతో రెండు వేలకు పైన దుకాణంలో కట్టినప్పుడు వ్యాపారి వైపు పడేది, బ్యాంకు ఖాతా నుంచి కట్టే మనకు కాదు. చార్జీ అన్న మాట కనబడితే "ఎవరి మీద, ఏ రకం చెల్లింపు మీద" అన్నది వెతకండి.

"బస్టాండ్ దగ్గర చిరుత, జాగ్రత్త" వీడియో

అమ్రాబాద్ పులుల అభయారణ్యం పక్కనే ఉన్నవాళ్లు దీన్ని నవ్వి వదిలేయలేరు, నిజంగానే రావచ్చు. ముందు దుకాణం బోర్డు మీది తెలుగు అక్షరాలు చదవండి. ఏఐ చేసిన వీడియోల్లో ఒత్తులు, గుణింతాలు తరచుగా చెదిరిపోయి ఉంటాయి. చాలా క్లిప్పులు ఎనిమిది సెకన్లే ఉంటాయి. ఒక ఫ్రేము స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వెతికితే పాత వీడియో అయితే ఏ రాష్ట్రానిదో బయటపడుతుంది. తేలకపోతే అటవీ శాఖ బీట్ ఆఫీసుకు ఫోన్ చేయండి, గ్రూపులో పెట్టడం తర్వాత.

"ఎండకు ఫోన్ బాంబులెక్క పేలుతది"

ఎండ ఒక్కదానికే పేలదు. ఎండలో చార్జింగ్ పెట్టడం, అప్పటికే ఉబ్బిన బ్యాటరీ, ఈ రెండూ అసలు ప్రమాదం. నల్లగొండ మే నెలలో 45 డిగ్రీలకు వెళ్తుంది, ఆపిల్ తన ఫోన్లకు చెప్పేది 35 దాకానే. వేడెక్కిన ఫోన్‌ను నీడకు తెచ్చి, కవర్ తీసి, ఫ్యాన్ కింద పెట్టండి. ఫ్రిజ్‌లో పెడితే లోపల తేమ చేరుతుంది. వెనక మూత లేచిందంటే చార్జింగ్ ఆపండి, గుచ్చొద్దు, నొక్కొద్దు, షాపుకు ఇవ్వండి.

"పెండ్లి పత్రిక" తెరిచాక ఖాతాలో డబ్బు పోవుడు

ఇందులోని నిజం ముక్కే మోసం: నంబర్ నిజంగా మన చుట్టాలదే, ముహూర్తాల సీజనూ నిజమే. చుట్టాల ఫోన్ అంతకుముందే దొంగ చేతిలో పడింది. పత్రిక అయితే ఫొటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది. ఫైల్ పేరు చివర ఏపీకే (.apk) అని ఉంటే అది పత్రిక కాదు, ఫోన్‌లోకి ఎక్కే యాప్. ఎక్కగానే ఎస్ఎంఎస్ చదివే అనుమతి అడుగుతుంది, ఇచ్చామంటే ఓటీపీలు నేరుగా దొంగకు చేరతాయి.

ఎక్కించేశారంటే వరుస ఇది. వెంటనే ఫ్లైట్ మోడ్ పెట్టి, వైఫై ఆపండి. ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు మధ్యలో ఆగే అవకాశం అంత ఎక్కువ. తర్వాత సెట్టింగ్స్‌లో యాప్‌ల జాబితా మొత్తం తెరవండి. ఇలాంటి యాప్ హోమ్ స్క్రీన్ మీద గుర్తు దాచుకుంటుంది, జాబితాలో మాత్రం ఉంటుంది. తీసేసే బటన్ పనిచేయకపోతే డివైస్ అడ్మిన్, యాక్సెసిబిలిటీ అనుమతులు రద్దు చేసి మళ్లీ ప్రయత్నించండి, అదీ కాకపోతే సేఫ్ మోడ్‌లో తీయండి. అనుమానం మిగిలితే ఫొటోలు మాత్రం దాచుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయండి.

సిమ్‌ను వేరే ఫోన్‌లో వేసి కాల్ ఫార్వర్డింగ్ (మనకొచ్చే కాల్స్ వేరే నంబర్‌కు మళ్లడం) ఆన్ అయి ఉందేమో చూడండి. చాలా నెట్‌వర్కుల్లో ##002# కొడితే రద్దవుతుంది. యూపీఐ పిన్, నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ ఆ శుభ్రమైన ఫోన్ నుంచే మార్చండి. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ తెరిచి తెలియనివన్నీ లాగౌట్ చేయండి.

పత్రిక పంపిన చుట్టాలకు మామూలు కాల్ చేసి చెప్పండి. వాట్సాప్‌లో రాస్తే అది చదివేది దొంగే కావచ్చు.